ది స్ట్రేంజర్స్: తలుపవతల ముగ్గురు

2008 మే 30న అమెరికా థియేటర్లలోకి వచ్చిన ‘ది స్ట్రేంజర్స్’ 86 నిమిషాల చిన్న సినిమా. ఊరికి దూరంగా ఒక ఇల్లు, లోపల ఒక జంట, బయట ముసుగులు తొడుక్కున్న ముగ్గురు. కథ అంతే. రాసింది, తీసింది బ్రయాన్ బెర్టినో. అతనికి అదే మొదటి సినిమా. దాదాపు 90 లక్షల డాలర్ల ఖర్చుతో తయారై ప్రపంచమంతటా కలిపి 8 కోట్ల డాలర్లు దాటించింది. అప్పటికి అమెరికన్ భయానక చిత్రాల్లో ‘సా’ (2004), ‘హాస్టల్’ (2005) పద్ధతి నడుస్తోంది. ఒళ్ళు కోయడం, ఎముకలు విరవడం, ఆ బాధను దగ్గరగా చూపించడం ఆ పద్ధతిలో ప్రధానం. ‘ది స్ట్రేంజర్స్’ ఆ దారిన పోలేదు. హంతకుల చేతికి చిక్కిన జంట అనే పాత కథావస్తువును తీసుకుని, హంతకుల కంటే ముందు ఆ జంటను చూడమంది. చిత్రమేమిటంటే, దీనికి కూర్పు చేసిన కెవిన్ గ్రూటర్ట్ ‘సా’ చిత్రాలకూ ఎడిటరే.

కథ పెళ్ళి విందు నుంచి తిరిగొచ్చే రాత్రితో మొదలవుతుంది. ఆ విందులోనే జేమ్స్ హోయిట్ (స్కాట్ స్పీడ్‌మన్) తన స్నేహితురాలు క్రిస్టెన్ మెకే (లివ్ టైలర్)ని పెళ్ళి చేసుకుందామని అడిగాడు. ఆమె ఇప్పుడే వద్దంది. ఒప్పుకుంటుందన్న నమ్మకంతో అతను తమ కుటుంబానికున్న వేసవి విడిదిని ముందే సిద్ధం చేసిపెట్టాడు. నేలమీద గులాబీ రేకులు, కొవ్వొత్తులు, షాంపేన్ సీసా. ఇప్పుడు ఆ అలంకారం మధ్యకే ఇద్దరూ రావాలి. ఒకరిమీద ఒకరికి ప్రేమ పోలేదు, కోపం కూడా పెద్దగా లేదు. ఉన్నదల్లా ఎదుటి మనిషి మొహం చూడలేని ఇబ్బంది. పొద్దున్నే వచ్చి తనను తీసుకెళ్ళమని జేమ్స్ స్నేహితుడు మైక్‌కి ఫోన్ చేసి చెబుతాడు. సినిమా ఈ మౌనం దగ్గర చాలాసేపు ఆగుతుంది. తొందరపడే ప్రేక్షకుడికి ఇది అసలు కథకు ముందు వచ్చే ఉపోద్ఘాతంలా తోస్తుంది. నిజానికి అసలు కథ ఇదే.

తెల్లవారుజామున నాలుగవుతుండగా తలుపు చప్పుడవుతుంది. గుమ్మం బయట దీపం వెలగదు. మొహం కనిపించని ఒక అమ్మాయి, టమారా ఉందా అని అడుగుతుంది. ఆ పేరుగల వాళ్ళెవరూ లేరంటే వెళ్ళిపోతుంది. క్రిస్టెన్‌కి సిగరెట్లు అయిపోయాయని జేమ్స్ కారు తీసుకుని బయల్దేరుతాడు. దుకాణానికి వెళ్ళి రావడం ఒక వంక. ఆ ఇంటి గాలి నుంచి కాసేపు తప్పించుకోవడం అసలు అవసరం. ఆమెకూ అతను కాసేపు ఎదురుగా లేకపోతేనే బాగుంటుంది. హంతకులు వాడుకున్న ఖాళీ అది. బలవంతంగా వాళ్ళు తెరిచింది కాదు, ఆ ఇద్దరి మధ్యా అప్పటికే ఏర్పడి ఉంది. అతను అటు వెళ్ళగానే ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి, అదే గొంతుతో అదే ప్రశ్న వేస్తుంది.

ఆ తర్వాత వచ్చే ఒక దృశ్యం ఈ సినిమాకు గుర్తుగా మిగిలిపోయింది. క్రిస్టెన్ వంటింటి దగ్గర ఒక్కతే నిలబడి ఉంటుంది. ఆమె వెనక చీకటి గదిలోంచి తలకు గోనెగుడ్డ సంచీ తొడుక్కున్న మనిషి నెమ్మదిగా ముందుకొచ్చి ఆగుతాడు. నేపథ్య సంగీతం ఒక్కసారిగా మోగదు. కెమెరా అతనివైపు దూసుకుపోదు. అతను తెర అంచున, కాస్త మసకగా, ఇంట్లో సామాను మధ్య మరో సామానులా ఉండిపోతాడు. కొందరు ప్రేక్షకులు అతన్ని వెంటనే గమనిస్తారు, కొందరు పక్కవాళ్ళు ఉలిక్కిపడ్డాక గమనిస్తారు. క్రిస్టెన్ మాత్రం చూడదు. కాసేపటికి అతను అక్కడ ఉండడు. భయానక చిత్రాల్లో పిల్లి దూకినా తలుపు కొట్టుకున్నా వాద్యాలన్నీ ఒకేసారి హోరెత్తడం మామూలు. ఆ హోరు నిజానికి ప్రేక్షకుడికి సాయం చేస్తుంది: ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు ఊపిరి పీల్చుకోవాలో చెబుతుంది. ఇక్కడ బెర్టినో ఆ సాయాన్ని తీసేశాడు. దాంతో ఆ క్షణం నుంచి ప్రేక్షకుడు ప్రతి దృశ్యంలోనూ మనుషుల్ని వదిలేసి వాళ్ళ వెనక గోడల్ని, కిటికీల్ని, తలుపు సందుల్ని వెతకడం మొదలుపెడతాడు. తెరమీద ఏమీ జరగని నిమిషాలు కూడా బరువెక్కుతాయి.

నెమ్మదిగా నడవడం అంటే సంఘటనలను వాయిదా వేయడం కాదని ఈ సినిమా చూస్తే అర్థమవుతుంది. చలిమంట పొగకి అలారం మోగితే క్రిస్టెన్ దాన్ని ఊడదీసి కింద పడేస్తుంది. తర్వాత చూస్తే అది కుర్చీమీద ఉంటుంది. ఛార్జింగ్‌కి పెట్టిన ఫోను మాయమవుతుంది. ఎవరూ ఆమెమీద చెయ్యి వేయలేదు, ఏదీ విరగలేదు. ఎవరో లోపలికి వచ్చి వెళ్ళారన్న సంగతి ఒక వస్తువు చోటు మారడం వల్ల తెలుస్తుంది. జేమ్స్ తిరిగొచ్చాక ఆమె ఇదంతా చెబితే మొదట అతను పూర్తిగా నమ్మడు. కాదన్న మనిషి భయాన్ని ఓదార్చాలా, ఆమె మాట నమ్మి తానూ భయపడాలా అన్న తడబాటు స్పీడ్‌మన్ మొహంలో కనిపిస్తుంది. టైలర్ నటన ఇంకా లోతైనది. ఆమె భయంలో కొంత సిగ్గు కలిసి ఉంది: ఇంత బాధ పెట్టిన మనిషినే ఇప్పుడు కాపాడమని అడగాల్సి వస్తోంది. చిత్రీకరణలో అదేపనిగా అరిచి ఆమెకు టాన్సిల్స్ వాచాయి.

మైక్ (గ్లెన్ హోవర్టన్) అనుకున్న దానికంటే ముందే ఇంటికొస్తాడు. పగిలిన కారు చూసి, లోపల గ్రామఫోన్ రికార్డు మోగుతుంటే ఆ శబ్దం వెంట నడుస్తాడు. వెనక గొడ్డలితో సంచీముసుగు మనిషి ఉన్నాడని అతనికి తెలియదు. పడకగదిలో తుపాకీ గురిపెట్టి కూర్చున్న జేమ్స్‌కి, గుమ్మంలో కనబడింది తన స్నేహితుడని తెలియదు. తుపాకీ పేలుతుంది. సినిమాలో మొదటి హత్య ముసుగు మనుషులది కాదు, వాళ్ళకి భయపడినవాడిది. ఆ తర్వాత జేమ్స్ దగ్గర వీరత్వం మిగలదు, పశ్చాత్తాపం మాత్రమే ఉంటుంది. కొట్టంలో ఉన్న పాత రేడియో సెట్టుతో పోలీసులను పిలవాలన్న ప్రయత్నమూ ఫలించదు. పొద్దుపొడిచాక ఇద్దరినీ కుర్చీలకు కట్టేస్తారు. మాకే ఎందుకిలా చేస్తున్నారని క్రిస్టెన్ ఏడుస్తూ అడిగితే, మీరు ఇంట్లో ఉన్నారు గనక అన్న అర్థం వచ్చే ఒక్క ముక్క జవాబు వస్తుంది. ముగ్గురూ ముసుగులు తీస్తారు, కానీ వాళ్ళ మొహాలను ఆ జంట చూస్తుందే తప్ప ప్రేక్షకుడికి కెమెరా చూపించదు. పొడవడం కూడా అర్ధరాత్రి చీకట్లో జరగదు. కిటికీలోంచి ఉదయపు వెలుగు పడుతుండగా, తొందరేమీ లేకుండా, ఒకరి తర్వాత ఒకరు పొడుస్తారు.

ఆ జవాబే సినిమాకు ఆయువుపట్టు. హంతకుడికి ఒక కారణం ఉంటే, పగో డబ్బో పిచ్చో ఏదైనా సరే, ప్రేక్షకుడు దాన్ని పట్టుకుని ధైర్యం తెచ్చుకుంటాడు: నాకు అలాంటి శత్రువులు లేరు, నా దగ్గర అంత డబ్బు లేదు అనుకుంటాడు. ఇక్కడ ఆ ఊత దొరకదు. పైగా కారణం లేకపోవడం జంట కథను మరింత క్రూరంగా మారుస్తుంది. వాళ్ళిద్దరికీ కావలసింది కాస్త వ్యవధి. నాలుగు రోజులు ఆలోచించుకుంటే ఆమె అవునని ఉండేదేమో. విడిపోతే విడిపోయి ఎవరి బతుకు వాళ్ళు బతికేవాళ్ళేమో. మొదటి అరగంటలో వాళ్ళ మధ్య ముడిపడకుండా వదిలేసిన మాటలన్నీ అలాగే ఉండగా ఆ వ్యవధి తెగిపోతుంది. అరగంటపాటు వాళ్ళ దుఃఖం చూడకుండా ఉంటే చివరి దృశ్యం వట్టి హత్యగా మిగిలేది.

బెర్టినో టెక్సస్ రాష్ట్రంవాడు. ఈ కథ రాసేనాటికి లాస్ ఏంజెలెస్‌లో చిన్న చిత్రాలకు లైటింగ్ విభాగంలో పనిచేస్తున్నాడు. స్క్రిప్టుకు మొదట పెట్టిన పేరు ‘ది ఫేసెస్’. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ కొత్త రచయితల కోసం నడిపే నికోల్ పోటీలో అది క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. మొదట దీన్ని మార్క్ రొమానెక్ తీస్తాడని అనుకున్నారు. చివరికి అనుభవం లేని రచయిత చేతికే నిర్మాతలు దర్శకత్వం అప్పగించారు. 2006 శరదృతువులో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఫ్లారెన్స్ పరిసరాల్లో చిత్రీకరణ జరిగింది. పూర్తయిన సినిమా విడుదలకు ఏడాదికి పైగా పట్టింది.

‘నిజ సంఘటనల ప్రేరణతో’ అని సినిమా మొదట్లో ఒక గంభీరమైన గొంతు చెబుతుంది. 2005 ఫిబ్రవరి 11 రాత్రి అంటూ తేదీ కూడా ఇస్తుంది. ఇలా ఒక జంట ఇలా ఒక ఇంట్లో చనిపోయిన కేసు కోసం చాలామంది వెతికారు. కానీ ఇది ఏదో ఒక కేసుకు తెరరూపం కాదు. బెర్టినో స్వయంగా చెప్పిన మూలాలు రెండు. మొదటిది అతని చిన్నతనంలో జరిగింది: పెద్దవాళ్ళు ఇంట్లో లేని ఒక రాత్రి ఎవరో తలుపు తట్టి, అక్కడ లేని మనిషి పేరు చెప్పి అడిగారు. ఆ వీధిలో ఎవరూ లేని ఇళ్ళల్లో దొంగతనాలు జరిగాయని తర్వాత తెలిసింది. తలుపు తట్టడం పలకరింపు కాదు, లోపల మనుషులున్నారా లేదా అన్న పరీక్ష. సినిమా ఆ తర్కాన్ని తిరగేసింది. దొంగలకు కావలసింది ఖాళీ ఇల్లు, ఈ ముగ్గురికి కావలసింది మనుషులున్న ఇల్లు.

రెండో మూలం చార్లెస్ మాన్సన్ ముఠా హత్యల మీద, ఆ కేసు వాదించిన ప్రాసిక్యూటర్ విన్సెంట్ బుగ్లియోసి కర్ట్ జెంట్రీతో కలిసి 1974లో ప్రచురించిన ‘హెల్టర్ స్కెల్టర్’. 1969 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో నటి షారన్ టేట్‌నీ ఆమె ఇంట్లో ఉన్నవాళ్ళనూ చంపిన మర్నాటి రాత్రి, ఆ ముఠా ఊళ్ళో మరోచోట లెనో, రోజ్‌మేరీ లాబియాంకా అనే దంపతుల ఇంట్లోకి చొరబడింది. ఆ దంపతులకు ఆ ముఠాతో ఏ తగాదా లేదు. లాస్ ఏంజెలెస్‌లో తలుపులకు గడియలు పెట్టే అలవాటు, కుక్కలు, తుపాకులు కొనే అలవాటు ఆ వారంలో ఎంత పెరిగిందో ఆనాటి పత్రికలు రాశాయి. బెర్టినో ఆ పుస్తకం చదువుతూ హంతకుల మనసు గురించి కాకుండా, ఏమీ తెలియకుండా ఆ రాత్రి ఇంట్లో ఉన్నవాళ్ళ గురించి ఆలోచించాడు. సినిమా అంతటా ఆ కోణం నిలబడింది.

సాంకేతికంగా ఈ సినిమా బలం ఇంటిని వాడుకున్న తీరులో ఉంది. 1970ల నాటి అమెరికన్ పల్లె ఇళ్ళ పోకడ: తక్కువ ఎత్తు పైకప్పు, చెక్క పలకల గోడలు, గోధుమరంగు సామాను. ఒక తరం పాతదైన ఇల్లు కాబట్టి అక్కడ జేమ్స్ చిన్నతనమూ ఉంది. ఛాయాగ్రాహకుడు పీటర్ సోవా వెడల్పైన తెరలో మనిషిని ఒక పక్కకు నెట్టి, మిగిలినదంతా ఖాళీగా వదిలేస్తాడు. చేతిలో పట్టుకున్న కెమెరా సన్నగా కదులుతూ ఉంటుంది, ఇంట్లో ఇంకెవరో నిలబడి చూస్తున్నట్టు. టామండాండీ ద్వయం అందించిన సంగీతం చాలాచోట్ల వినీ వినిపించని మోతగా ఉండిపోతుంది. పాటలు ఎక్కువగా ఆ ఇంటి రికార్డు ప్లేయర్ నుంచే వస్తాయి: జోవానా న్యూసమ్, గిలియన్ వెల్చ్, మెర్ల్ హగార్డ్. గుండెలదిరే చోట పల్లెపాట ప్రశాంతంగా సాగుతుంటుంది.

ముసుగుల సంగతీ చెప్పాలి. మగవాడికి కళ్ళదగ్గర కంతలున్న గోనెసంచీ (కిప్ వీక్స్), ఒకామెకు బొమ్మ మొహం (జెమ్మా వార్డ్, ఆస్ట్రేలియాకు చెందిన ప్రసిద్ధ ఫ్యాషన్ మోడల్), మరొకామెకు పాతకాలపు క్యాలెండర్ సుందరి మొహం (లారా మార్గోలిస్). మూడూ చవకరకం దుకాణంలో కొనుక్కోగలిగేవే. వాటిలో రాక్షసత్వం లేదు. మార్పులేని చిన్న చిరునవ్వులున్నాయి, అంతే.

ఇంట్లో చిక్కుకున్నవాళ్ళు, బయట దుండగులు అనే కథ సినిమాకు దాదాపు పుట్టుకతో వచ్చింది. డి. డబ్ల్యూ. గ్రిఫిత్ 1909లోనే ‘ది లోన్లీ విల్లా’ తీశాడు. దొంగలు ఇంటి యజమానిని వంకతో బయటికి పంపి, భార్యాపిల్లలున్న ఇంట్లోకి చొరబడతారు. భర్త ఫోన్లో మాట్లాడుతుండగానే తీగ తెగుతుంది. ఆ పిల్లల్లో ఒకరిగా మేరీ పిక్‌ఫర్డ్ అందులో కనిపిస్తుంది. ఇంట్లో భయాన్నీ దారిలో భర్త పరుగునూ మార్చి మార్చి చూపిస్తూ కథను పరుగెత్తించే పద్ధతిని గ్రిఫిత్ ఇలాంటి కథలమీదే సాన పెట్టుకున్నాడు. 1913లో లోయిస్ వెబర్ తన భర్త ఫిలిప్స్ స్మాలీతో కలిసి ‘సస్పెన్స్’ తీసింది. చంటిబిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లి, చాపకింద తాళంచెవి వెతికే దేశదిమ్మరి, ఫోన్ దగ్గర భర్త, ముగ్గురినీ తెరను త్రికోణాలుగా కోసి ఒకేసారి చూపించింది. శతాబ్దం దాటిన ఈ పది నిమిషాల చిత్రంలో దుండగుడు మేడమెట్లు ఎక్కుతూ కెమెరా మీదికి మొహం తెచ్చే క్షణం ఇప్పటికీ వణికిస్తుంది. ఫోను తీగ తెగడం అప్పటి నుంచి ఈ కథలకు ఆనవాయితీ అయింది. సెల్‌ఫోన్లు వచ్చాక దర్శకులకు అదే పెద్ద తలనొప్పి. ‘ది స్ట్రేంజర్స్’లో ఛార్జింగ్ ఫోను మాయం చేయడం ఆ తలనొప్పికి దొరికిన మందు.

1967లో ‘వెయిట్ అంటిల్ డార్క్’లో ఆడ్రీ హెప్‌బర్న్ చూపులేని ఇల్లాలిగా, తన ఇంట్లోకి వచ్చిన ముగ్గురు నేరగాళ్ళను దీపాలు పగలగొట్టి చీకట్లో ఎదిరించింది. 1971లో శామ్ పెకిన్‌పా ‘స్ట్రా డాగ్స్’ ఆ ధైర్యాన్ని కలుషితం చేసింది. అమెరికా నుంచి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌కు వచ్చిన గణిత శాస్త్రజ్ఞుడు (డస్టిన్ హాఫ్‌మన్), అదే ఊళ్ళో పుట్టిన అతని భార్య (సూసన్ జార్జ్). దంపతుల మధ్య చులకన, మాటపట్టింపులు ముందే ఉన్నాయి; ఊరివాళ్ళు ఇంటిని ముట్టడించేసరికి భర్త తనలోని హింసను కనుక్కుంటాడు. అందులోని అత్యాచార దృశ్యం మీద వివాదం దశాబ్దాలు నడిచింది, బ్రిటన్‌లో 2002 దాకా దాని వీడియోకి అనుమతి దొరకలేదు. ‘స్ట్రా డాగ్స్’ నుంచి ‘ది స్ట్రేంజర్స్’కి దక్కిన వారసత్వం ముట్టడి కాదు, ముట్టడికి ముందున్న దాంపత్యం.

కారణం చెప్పకపోవడంలో ఆస్ట్రియా దర్శకుడు మైకేల్ హానెకె ముందున్నాడు. 1997లో కాన్ ఉత్సవంలో పోటీపడిన ‘ఫన్నీ గేమ్స్’లో తెల్ల చేతిజోళ్ళు తొడుక్కున్న ఇద్దరు మర్యాదస్తులైన కుర్రాళ్ళు కోడిగుడ్లు అప్పడుగుతూ సరస్సు ఒడ్డున ఉన్న ఇంటికొస్తారు. భార్య, భర్త, కొడుకు మీద రాత్రంతా ఆట ఆడతారు. మీరెందుకిలా అని అడిగితే ఒక్కోసారి ఒక్కో కట్టుకథ చెబుతారు. వాళ్ళలో ఒకడు ప్రేక్షకుడితో నేరుగా మాట్లాడతాడు. తనకు నచ్చనిది జరిగితే రిమోట్ నొక్కి సినిమానే వెనక్కి తిప్పుతాడు. కొడుకు చనిపోయాక తల్లిదండ్రులు లేవలేక పడి ఉన్న దృశ్యం కోత లేకుండా చాలా నిమిషాలు సాగుతుంది. సుసానె లోతార్, ఉల్రిష్ మూయె అక్కడ చేసిన నటన చూడడం కష్టం, మరవడం ఇంకా కష్టం. హింసను వినోదంగా చూసే ప్రేక్షకుడిని నిలదీయడం హానెకె ఉద్దేశం. దాన్నే ఆయన నయోమీ వాట్స్, టిమ్ రాత్‌లతో ఇంగ్లీషులో మళ్ళీ తీశాడు. అది అమెరికాలో విడుదలైంది 2008 మార్చిలో, అంటే ‘ది స్ట్రేంజర్స్’ కంటే రెండు నెలల ముందు. బెర్టినో ప్రేక్షకుడిని నిలదీయడు. జాలి పడనిస్తాడు. వాదనగా హానెకె చిత్రమే గట్టిది కావచ్చు, మనుషుల కథగా బెర్టినోది మనసుకు దగ్గరది.

2006 నుంచి 2008 దాకా ఇలాంటి జంటలు తెరనిండా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో డేవిడ్ మోరో, జేవియర్ పాలూ తీసిన ‘ఇల్’ (2006)లో రుమేనియా రాజధాని బుఖారెస్ట్ శివార్లలో పెద్ద పాత ఇంట్లో ఉంటున్న ఫ్రెంచి ఉపాధ్యాయురాలు, రచయిత. రాత్రిపూట కారు తనంతట తాను కదులుతుంది, ఫోన్లో గుసగుసలు వినిపిస్తాయి. చివరికి వేటాడింది పిల్లలని తేలుతుంది. 77 నిమిషాల ఆ చిత్రానికీ ‘ది స్ట్రేంజర్స్’కీ పోలికలు కొట్టొచ్చినట్టు ఉంటాయి. నిమ్‌రోడ్ అంటాల్ ‘వేకెన్సీ’ (2007)లో బిడ్డను పోగొట్టుకుని విడాకుల అంచున ఉన్న భార్యాభర్తలు (కేట్ బెకిన్‌సేల్, ల్యూక్ విల్సన్) దారి తప్పి ఒక మోటెల్లో దిగుతారు. గదిలోని వీడియో టేపుల్లో హత్యలున్నాయి, ఆ హత్యలు జరిగిన గది తాము కూర్చున్నదే. జేమ్స్ వాట్కిన్స్ ‘ఈడెన్ లేక్’ (2008)లో కెల్లీ రైలీ, మైకేల్ ఫాస్‌బెండర్ సరస్సు ఒడ్డుకు విహారానికి వెళ్తారు; అతని జేబులోనూ ఉంగరం ఉంది. గోలచేస్తున్న కుర్రాళ్ళను మందలించడంతో మొదలైనది ఇంకెక్కడికో పోతుంది. ఈ చిత్రాల్లో ఎక్కువవాటిలో జంటకు ముందే ఒక గాయమో ఒక ఆశో ఉండడం యాదృచ్ఛికం కాదు. ఒంటరి మనిషి ఆపదలో ఉంటే తప్పించుకుంటాడా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న. ఇద్దరుంటే, ఒకరిని వదిలి మరొకరు పారిపోగలరా అన్నది రెండో ప్రశ్న, అది మొదటిదానికంటే బాధాకరం.

‘సెక్స్ అండ్ ద సిటీ’ విడుదలైన రోజే వచ్చినా ‘ది స్ట్రేంజర్స్’ మొదటి వారాంతంలో 2 కోట్ల డాలర్లు దాటింది. విమర్శకులు మాత్రం రెండుగా చీలారు. రోజర్ ఎబర్ట్ ఒకటిన్నర నక్షత్రాలతో సరిపెట్టాడు. ఆశ చూపని ముగింపు చాలామందికి అన్యాయంగా తోచింది. కాలం గడిచేకొద్దీ అభిమానులు పెరిగారు. పదేళ్ళకు, 2018లో, జొహానెస్ రాబర్ట్స్ దర్శకత్వంలో ‘ప్రే ఎట్ నైట్’ వచ్చింది. నలుగురున్న కుటుంబం, ఖాళీ ట్రైలర్ల కాలనీ. నియాన్ దీపాల కింద ఈతకొలనులో జరిగే పోరు తప్ప అందులో మిగిలేది తక్కువ. తర్వాత ఫిన్లండ్‌కు చెందిన రెన్నీ హార్లిన్ స్లొవేకియాలో మూడు భాగాలను ఒకేసారి చిత్రీకరించాడు. మొదటి భాగం 2024లో, రెండోది 2025లో విడుదలయ్యాయి. మొదటిదాంట్లో మళ్ళీ ఒక జంటే (మెడలీన్ పెట్ష్, ఫ్రోయ్ గుటియెరెజ్). రెండోదానికొచ్చేసరికి హంతకుల బాల్యం చూపించి, వాళ్ళెందుకిలా తయారయ్యారో చెప్పడం మొదలైంది. బెర్టినో ఎంత జాగ్రత్తగా దాచిపెట్టాడో అంత అజాగ్రత్తగా దాన్ని బయటపెట్టడం చూస్తే అసలు సినిమాను ప్రేమించినవాళ్ళకు బాధ కలుగుతుంది.

అసలు సినిమా స్ఫూర్తి వేరేచోట బతికింది. డెన్మార్క్ దర్శకుడు క్రిస్టియన్ టాఫ్‌డ్రప్ 2022లో తీసిన ‘స్పీక్ నో ఈవిల్’లో ఇటలీ యాత్రలో పరిచయమైన డచ్ దంపతుల ఇంటికి ఒక డేనిష్ కుటుంబం అతిథులుగా వెళ్తుంది. ఇక్కడ తలుపు బలవంతంగా తెరవాల్సిన పని లేదు, అతిథులే లోపలికి నడిచి వచ్చారు. ప్రతి చిన్న అవమానాన్నీ మర్యాద కోసం మింగుతారు, ఒకసారి పారిపోయి కూడా వెనక్కి వస్తారు. చివర్లో ఎందుకిలా అని అడిగితే, మీరు చేయనిచ్చారు గనక అన్న జవాబు వస్తుంది. 2024లో దీన్ని హాలీవుడ్‌లో మళ్ళీ తీసింది ‘ఈడెన్ లేక్’ వాట్కిన్సే. జేమ్స్ మెకవాయ్ నటన అద్భుతంగా ఉన్నా, అందులో కుటుంబం తిరగబడి బతికి బయటపడుతుంది.

మన దగ్గరికి వస్తే, ఒంటరి ఇల్లు, తలుపు తట్టే అపరిచితుడు అన్న సూత్రాన్ని ‘ది స్ట్రేంజర్స్’కి తొమ్మిదేళ్ళ ముందే వాడుకున్నది ‘శివ’, ‘రాత్రి’ తీసిన మన రామ్‌గోపాల్ వర్మ. అనురాగ్ కశ్యప్ రాసిన హిందీ చిత్రం ‘కౌన్’ (1999)లో పాటలు లేవు, ఒకే ఇల్లు, ముగ్గురే నటులు, బయట వాన. ఇంట్లో ఒక్కతే ఉన్న యువతి (ఊర్మిళా మాతోంద్కర్) టీవీలో హంతకుడి వార్త వింటుండగా గంట మోగుతుంది. వచ్చినవాడు (మనోజ్ బాజ్‌పేయి) మల్హోత్రా గారున్నారా అని అడుగుతాడు. అలాంటివారెవరూ అక్కడ లేరు. లేని మనిషి పేరు చెప్పి గుమ్మం దగ్గర నిలబడే ఆ ఎత్తుగడ రెండు సినిమాల్లోనూ ఒక్కటే, వాటి మధ్య సంబంధం ఏమీ లేకపోయినా. వర్మ ముగింపులో హంతకురాలు ఇంట్లోనే ఉందని తిప్పేశాడు. కెమెరా ఆ ఇంటి మెట్లు, వరండా, వంటగది వెంట తిరిగే తీరులో ‘రాత్రి’ చూసిన తెలుగు ప్రేక్షకుడు వర్మ చేతిని వెంటనే గుర్తుపడతాడు.

హంతకులకు చిక్కిన జంట కథను భారతీయ నేలమీద నాటింది నవదీప్ సింగ్ ‘ఎన్‌హెచ్10’ (2015). గుడ్‌గావ్‌లో ఉద్యోగాలు చేసుకునే మీరా, అర్జున్ (అనుష్కా శర్మ, నీల్ భూపాలం) పుట్టినరోజు విహారానికి కారులో బయల్దేరి, దారిలో ఒక పరువు హత్యలో తలదూర్చి ఆ హంతకులకే వేట అవుతారు. విమర్శకులు ‘ఈడెన్ లేక్’తో పోల్చారు, పోలిక న్యాయమైనదే. అయితే ఇక్కడ హంతకులకు కారణం ఉంది, ఆ కారణానికి ఊరి మద్దతూ ఉంది. సాయం కోసం మీరా తలుపు తట్టిన సర్పంచ్ (దీప్తి నావల్) చంపినవాడి తల్లి. అపరిచితులు బయటివాళ్ళు కారు, ఆ ఊళ్ళో అపరిచితురాలు మీరాయే.

తెలుగు తెరమీద కొత్త ఇంట్లో దిగిన దంపతుల భయం ఎక్కువగా దయ్యాల రూపంలోనే వచ్చింది. రవిబాబు ‘అవును’ (2012) అందుకు బాగా ఆడిన ఉదాహరణ. ముసుగు హంతకులు ఇంటిని ముట్టడించే కథ 2019లో వచ్చింది. అశ్విన్ శరవణన్ తమిళ, తెలుగు భాషల్లో ఒకేసారి తీసిన ‘గేమ్ ఓవర్’లో తాప్సీ వీడియో గేమ్‌లు రూపొందించే యువతి. పాత గాయం వల్ల చీకటంటేనే భయపడే ఆమె, చక్రాల కుర్చీకి పరిమితమై, తోడుగా ఉన్న కళమ్మ (వినోదిని)తో ఆ రాత్రిని ఎదుర్కోవాలి. ఇక్కడ జంట ప్రేమికులు కారు, యజమానురాలు, పనిమనిషి. అయినా ఒకరిని వదిలి మరొకరు పోలేని ఆ బంధమే కథను నడుపుతుంది. వీడియో గేమ్‌లోలా ఆమెకు మూడు ప్రాణాలిచ్చి, అదే రాత్రిని మళ్ళీ మళ్ళీ బతికించడం అశ్విన్ చేసిన కొత్త పని. హంతకులెవరో, ఎందుకు చంపుతున్నారో ఈ సినిమా కూడా పూర్తిగా చెప్పదు. దాని హిందీ రూపాన్ని ప్రేక్షకుల ముందుకు తెచ్చింది అంతకు ఇరవై ఏళ్ళ ముందు ‘కౌన్’ రాసిన అనురాగ్ కశ్యప్.